తెర మీది దేవుడు, వీధిలోని నాయకుడు
(నందమూరి తారక రామారావు జీవిత విశేషాలు)

సండూరు కొండల నడుమ నివసించే మనకు తెలుగు, కన్నడం రెండూ ఇంటి భాషలే. 1953లో రాష్ట్రాల గీత గీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళగా బళ్ళారి, సండూరు మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఆ గీత ఓటుకు అడ్డమయిందే గాని సినిమాకు అడ్డం కాలేదు. అందుచేత మన పెద్దలకు నందమూరి తారక రామారావు తమవాడే అయినా, ఆయనకు ఓటు వేసే అవకాశం వారికి ఎన్నడూ లేకపోయింది. మతం, వినోదం, ప్రచార సాధనాలు ఎన్నికలను ఎట్లా నడిపిస్తాయో తెలుసుకొనుటకు ఆయన జీవితాన్ని మించిన పాఠం మరొకటి లేదు.

రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరు గ్రామంలో రైతు కుటుంబాన జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, 1947లో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, కొద్ది వారాలకే దానిని విడిచి మద్రాసు చేరారు. 1949లో విడుదలైన మనదేశం ఆయన తొలి చిత్రం. మన సండూరు సంస్థానం మద్రాసు రాష్ట్రంలో విలీనమైనది కూడా ఆ సంవత్సరమే కావడం విశేషం. 1951లో పాతాళభైరవి ఆయనను ఇంటింటి కథానాయకుని చేసింది. 1952లో రాయలసీమను కరువు పీడించినప్పుడు తోటి కళాకారులతో ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. తెర మీది మనిషి వీధిలోకి వస్తే జనం ఏ విధంగా కదులుతారో ఆయనకు అప్పుడే అనుభవమయింది.

1957లో మాయాబజార్ చిత్రంలో శ్రీకృష్ణ పాత్ర ధరించిన తరువాత ఆయన కీర్తి మరొక మెట్టు ఎక్కింది. 1960లో వేంకటేశ్వరునిగా, 1963లో లవకుశలో శ్రీరామునిగా కనిపించారు. తిరుపతి యాత్ర ముగించుకొని మద్రాసు చేరిన భక్తులు ఆయన ఇంటి ముందు కూడా దర్శనానికి నిలబడేవారు. ఆయన కృష్ణుడు, రాముడు వేషాలలో ఉన్న పటాలు పూజా మందిరాలకు ఎక్కాయి. 1962లో మహామంత్రి తిమ్మరుసు చిత్రంలో ఆయన శ్రీకృష్ణదేవరాయలు. మనకు కూతవేటు దూరాన హంపిలో శిథిలమైన వైభవాన్ని ఆ చిత్రం తెర మీద మళ్ళీ నిలబెట్టింది. అయితే దేవుని వేషం ఒక్కటే ఆయనను నాయకుని చేయలేదని గమనించాలి. రావణుడు, దుర్యోధనుడు వంటి ప్రతినాయక పాత్రలనూ గొప్పగా పోషించారు. 1977 నాటి అడవిరాముడు మొదలు 1982 నాటి బొబ్బిలిపులి వరకు వచ్చిన చిత్రాలలో అన్యాయాన్ని ఎదిరించే వీరునిగా కనిపించారు. భక్తి మొదటి పునాది కాగా, ఈ వీరత్వం రెండవ పునాది.

1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఢిల్లీ పెద్దలు రాష్ట్ర ముఖ్యమంత్రులను తరచు మార్చుతుండడం, బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం ప్రజల మనసులను నొప్పించి ఉన్న కాలమది. తెలుగువారి ఆత్మగౌరవమే ఆయన ప్రధాన నినాదమయింది. పాత షెవర్లే వాహనాన్ని చైతన్యరథంగా మార్చి, కుమారుడు హరికృష్ణ నడుపగా, ఖాకీ దుస్తులు ధరించి నెలల తరబడి పల్లెపల్లెకూ తిరిగారు. రోడ్డు ప్రక్కనే స్నానం, రథం మీదనే ప్రసంగం. రేడియో, దూరదర్శన్ ప్రభుత్వం చేతిలో ఉన్నందున ఆయన ఇతర మార్గాలు వెతికారు. టేపు రికార్డర్లలో ప్రచార గీతాల క్యాసెట్లు మ్రోగాయి. జిల్లా జిల్లాకు చేరుతున్న ఈనాడు దినపత్రిక ఆయన యాత్రా విశేషాలను ప్రతి ఉదయం పల్లె అరుగు మీదకు చేర్చింది. ఆనాటికి నవీన సాధనాలు అవే.

తొమ్మిది నెలల వయసు గల పార్టీ 1983 జనవరి ఎన్నికలలో 294 స్థానాలకు గాను 200కు పైగా గెలుచుకున్నది. సినీ నటులు పాలకులు కావడం అప్పటికి కొత్త కాదు. ప్రక్కనే తమిళనాట ఎం.జి.రామచంద్రన్ 1977లోనే ముఖ్యమంత్రి అయ్యారు. అమెరికాలో పూర్వపు నటుడు రొనాల్డ్ రీగన్ 1981లో అధ్యక్షుడయ్యారు. మన కన్నడనాట డాక్టర్ రాజ్‌కుమార్ 1982లో గోకాక్ ఉద్యమానికి అండగా నిలిచి కూడా ఎన్నికలలో నిలబడలేదు. అభిమానం ఒకటే అయినా దారులు వేరు.

ముఖ్యమంత్రిగా ఆయన కిలో రెండు రూపాయల బియ్యం పథకం అమలుపరచారు. వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేశారు. ఆస్తిలో ఆడబిడ్డకు సమాన వాటా కల్పించే చట్టం తెచ్చారు. 1984 ఆగస్టు 16న, అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన కొద్ది దినాలకే, గవర్నరు ఆయన ప్రభుత్వాన్ని తొలగించారు. ఆ సమయంలో ఆయన శాసనసభ్యులకు ఆశ్రయమిచ్చినది మన కర్ణాటకమే. రామకృష్ణ హెగ్డే పాలనలో వారు బెంగళూరు సమీపాన నంది కొండలలో గడిపారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ పదవి చేపట్టారు. 1985లో సరిహద్దునే ఉన్న హిందూపురం ఆయనను ఎన్నుకున్నది. ఆ తరువాత 1989, 1994లలో కూడా ఆ నియోజకవర్గం ఆయనను విడువలేదు.

అయితే పల్లె ఓటరు తెర మీది వేషాన్ని చూసి మోసపోయేవాడు కాడని 1989 చాటింది. అంతకు పూర్వమే ఆయన కాషాయం ధరించారు. మంత్రులందరినీ ఒక్కసారిగా తొలగించారు. ప్రత్యర్థులు కూడా సినిమానే ఆయుధంగా చేసుకున్నారు. 1987లో మండలాధీశుడు అనే వ్యంగ్య చిత్రం వచ్చింది. నటుడు కృష్ణ కాంగ్రెసు పక్షాన 1989లో ఏలూరు నుండి లోక్‌సభకు గెలిచారు. కృష్ణునిగా పూజలందుకొన్న రామారావు స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. పటం పూజగదిలోనే ఉన్నది, ఓటు మాత్రం మారింది.

1994లో 216 స్థానాలతో తిరిగి అధికారానికి వచ్చినా, 1995 ఆగస్టులో సొంత పార్టీవారే, అల్లుడు చంద్రబాబు నాయుడు నాయకత్వంలో, ఆయనను దించివేశారు. ఒకనాడు యాత్రను ఇంటింటికీ చేర్చిన పత్రిక ఈసారి ఆయన వైపు నిలువలేదు. తన గోడును జనానికి చెప్పుకొనుటకు ఆయన మళ్ళీ క్యాసెట్టునే ఆశ్రయించి, జామాతా దశమగ్రహం పేరిట మాటలు రికార్డు చేయించారు. 1996 జనవరి 18న కన్నుమూశారు.

నేడు రథం స్థానంలో చేతి ఫోను వచ్చింది. దేవుని బొమ్మ, సినిమా పాట, నాయకుని ముఖం ఒకే తెర మీద క్షణంలో మన ఒడిలో వాలుతున్నాయి. ఆంధ్రలో గాని, కర్ణాటకలో గాని, అమెరికాలో గాని ఈ మూడింటి కలయిక ఓటరును సభకు రప్పించగలదు, చప్పట్లు కొట్టించగలదు. కాని రేషను దుకాణంలో బియ్యం దొరికిందా, కూతురికి వాటా వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు తెర చెప్పదు. ఆ ప్రశ్న అడిగినందువల్లనే జనం రామారావును గెలిపించారు, అడిగినందువల్లనే ఓడించారు. మన పిల్లలకు ఆయన చిత్రాలతో పాటు ఆ ప్రశ్నను కూడా అప్పగించడం మన ధర్మం.