రహీం సాబ్ – సైకిల్ అద్దె

సాయంత్రం హాస్టల్ గ్రౌండులో బూట్లు లేకుండానే బంతి ఆడే మేమందరం తెలుసుకోవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఆడారు, బడిపంతులుగా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. మన గల్లీల కుర్రాళ్లను వెతికి తెచ్చి ఆట నేర్పారు. ఆ జట్టు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి పిల్లవాడి ఆట ఆయన కంట పడింది. ప్రాక్టీసుకు రమ్మన్నారు. అంత దూరం రావడానికి ఆ అబ్బాయి దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారు. పండుగకు ఊరెళ్లాలంటే బస్ ఛార్జీలు లెక్కపెట్టుకునే మాకు ఆ అద్దె విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అదే బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడాడు. మనకు నాలుగో స్థానం వచ్చింది.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. ఫైనల్లో, తలకు కట్టుతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డుగా దింపారు. అతడూ ఒక గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదే. తొమ్మిది నెలలు తిరిగాక, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లే.