బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెనా? - కల్నల్ సి. కె. నాయుడు

మన జిల్లాలో క్రికెట్టు ఆడటానికి పెరడుంటే చాలు. ఖమ్మం సందుల్లో గోడ మీద బొగ్గుతో గీసిన మూడు గీతలే వికెట్లు. భద్రాచలం దాటి అడవి అంచు ఊళ్ళకు పోతే చెక్కిన తాటిమట్టే బ్యాటు. ఈ ఆటకు ఏ బోర్డూ రాయని చట్టాలు రెండున్నాయి. బంతి పక్కింటి గోడ దాటితే అవుటు. బ్యాటు ఎవరిదైతే వాడే కెప్టెను. బ్యాటు గలవాడు అలిగి ఇంటికి పోతే ఆట ఖతం. అందుకని వాడు రెండుసార్లు బ్యాటింగు చేసినా ఎవడూ నోరెత్తడు. ఈ రెండు చట్టాలతోనూ జీవితమంతా పేచీ పడిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు.

ఆయనే కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూరులో, వకీళ్ళ కుటుంబంలో పుట్టారు. నాగపూరు మనకెక్కడో దూరమనుకోకండి. 1874 దాకా మన భద్రాచలం తాలూకా నాగపూరు రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోదే. నాయుడుగారిని ఏడో ఏటనే బడి జట్టులోకి తీసుకున్నారట.

పెరట్లో జట్లు పంచుకునేటప్పుడు మనం ఎవడు బాగా విసురుతాడనే చూస్తాం. బొంబాయి పోటీల్లో మాత్రం ఆ రోజుల్లో జట్లన్నీ మతాన్ని బట్టే. 1916లో నాయుడుగారు హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద దిగారు. అప్పటికే ఏడు వికెట్లు పోయాయి. మూడు బంతులు ఆపి, నాలుగో దాన్ని సిక్సరు కొట్టారు. 1923లో హోల్కారు మహారాజు ఇందూరుకు పిలిపించి తన సైన్యంలో కొలువిచ్చారు. ఆ కల్నల్ హోదా అక్కడిదే.

1926 డిసెంబరులో గిలిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానాలో ఆయన కొట్టిన 153 పరుగుల గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు గంటలు కూడా పట్టలేదు. అందులో 11 సిక్సర్లు! మన గోడ చట్టం అక్కడ చెల్లితే మొదటి సిక్సరుకే ఇంటికి పోవలసినవారు. దొరలతో సమానంగా ఆడగలమన్న ధైర్యం ఆ రోజు వచ్చింది. రెండేళ్ళకు, 1928లో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడింది.

ఇక రెండో చట్టం. 1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు కెప్టెను పోరుబందరు మహారాజు, ఉపకెప్టెను లింబ్డీ రాకుమారుడు. ఆట సంగతి తర్వాత, ముందు కిరీటం! మెచ్చుకోవలసిందేమంటే, టెస్టు దగ్గరికొచ్చేసరికి మహారాజు తన ఆట ఎంతో తెలుసుకుని తప్పుకున్నారు. లింబ్డీకి దెబ్బ తగిలింది. ఆ విధంగా జూన్ 25న లార్డ్స్‌లో మన దేశపు తొలి టెస్టుకు నాయుడుగారు నాయకులయ్యారు. ఆయన కింద ఆడమని కొందరు మొరాయిస్తే పైనుంచి గట్టిగా చెప్పించవలసి వచ్చిందంటారు. ఫీల్డింగులో చేతికి గాయమైనా మొదటి ఇన్నింగ్సులో మనవాళ్ళలో ఎక్కువ పరుగులు, 40, ఆయనవే. ఓడాం గాని పరువు నిలిచింది. ఆ పర్యటనలోనే బర్మింగ్‌హాంలో ఆయన కొట్టిన సిక్సరు రియా అనే నది దాటి పక్క జిల్లాలో పడిందని చెప్పుకుంటారు. మరీ గోదావరంత నది కాదు లెండి!

1936లో బ్యాటు గలవాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి మన తెలుగువాడే, విజయనగరం రాకుమారుడు ‘విజ్జీ’. డబ్బుకు కొదవ లేదు, క్రికెట్టంటే ప్రాణం. హాబ్స్, సట్‌క్లిఫ్‌లను సైతం రప్పించి తన జట్టులో ఆడించుకున్న ఘనుడు. ఆట మాత్రం అంతంతే. జట్టు రెండు ముక్కలైంది. అమరనాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపారు. ఉదయం ఫలహారాల దగ్గర నాయుడుగారిని అవమానించినందుకే ఒకాయనకు టెస్టులో చోటు దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయుడుగారి జవాబు ఓవల్ మైదానంలో వచ్చింది. అలెన్ బంతి గట్టిగా తగిలినా నిలిచి 81 కొట్టారు. అదే ఆయన చివరి టెస్టు ఇన్నింగ్సు.

ఆయనా మెత్తని మనిషేం కాదు. ఆయన క్రమశిక్షణంటే తోటివాళ్ళకు హడలే. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. హోల్కారు జట్టుకు ఖర్చు పెట్టిందీ మహారాజే. తేడా ఏమంటే ఆ మహారాజు కెప్టెన్సీ అడగలేదు. తమ్ముడు సి. ఎస్. కూడా ఉన్న ఆ జట్టు నాయుడుగారి చేతికింద నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 1946 ఫైనల్లో, యాభై ఏళ్ళ వయసులో, బరోడా మీద ఆయన 200 కొట్టారు. ఇంకో ఫైనల్లో ఫడ్కర్ బంతికి పళ్ళు రాలినా క్రీజు వదల్లేదు. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీలో దిగినప్పుడు నాయకత్వం వహించిందీ ఈ నాగపూరు తెలుగాయనే. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ తర్వాత కూడా, అరవయ్యొకటో ఏట, ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు.

1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. ఆయన పేరిట నడిచే ట్రోఫీ నేడు ఇరవైమూడేళ్ళలోపు వాళ్ళది. అంటే సరిగ్గా మన హాస్టలు కుర్రాళ్ళ వయసు వాళ్ళది. ఆ జట్టులోకి వెళ్ళడానికి సొంత బ్యాటు ఉంటే చాలదు.