లాంబ్టన్ దొర కొలిచిన నేల

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడగగానే, నా సర్వీసు తొలి రోజుల పొరపాటు ఒకటి గుర్తుకొచ్చింది. చిత్తూరులో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక పట్టికలో తిరుపతి అక్షాంశం 79 డిగ్రీల 25 నిమిషాలు, రేఖాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు అని తారుమారుగా రాసేశాను. పై అధికారి కోప్పడకుండా అట్లాసు తెచ్చి నా ముందు పెట్టారు. నా లెక్క ప్రకారం తిరుపతి ఉత్తర ధ్రువం దాపున, నార్వే వారి స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలింది! ఏడుకొండలవాడిని అంత చలిలో నిలబెట్టినందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలీ అంకెలను మొదట ఎవరు కొలిచారని ఆరా తీస్తే తెలిసిన పేరు విలియం లాంబ్టన్.

ఆయన యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో పుట్టి, 33వ రెజిమెంటులో చేరినవాడు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధంలో ఒక రాత్రి సేన దారి తప్పి టిప్పు శిబిరం వైపే నడుస్తుంటే, నక్షత్రాలను చూసి అది తప్పు దిక్కని పసిగట్టింది ఈయనే. నక్షత్రాల సంగతి మనకూ కష్టమేమీ కాదు. ధ్రువనక్షత్రం దిగంతం నుంచి ఎంత ఎత్తున కనిపిస్తే అదే ఆ ఊరి అక్షాంశం. తిరుపతిలో అది సుమారు 13న్నర డిగ్రీలు. రేఖాంశమంటే కాలభేదం, డిగ్రీకి 4 నిమిషాలు. మన గడియారాలు 82న్నర డిగ్రీల రేఖను బట్టి నడుస్తాయి కనుక తిరుపతి స్థానిక కాలం దానికి 12 నిమిషాలు వెనక.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ కొలత మొదలుపెట్టాడు. వంద అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ళు కొలవడానికి 57 రోజులు పట్టింది. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కకు వస్తాయి. ఆపైన గొలుసుతో పెద్దగా పని లేదు. కొండ మీంచి కొండకు కోణాలు చూస్తూ, దాదాపు 13వ అక్షాంశం వెంబడి, అంటే మన చిత్తూరుకు కాస్త దక్షిణంగా, మంగళూరు దాకా సాగిపోయాడు. అంతవరకు 400 మైళ్ళనుకున్న వెడల్పు 360 అని తేలింది. పటంలో 40 మైళ్ళ భూమి మాయమైంది! నేను చేసిన తప్పుకు తోడు దొరికినట్టయింది.

కోణాలు కొలిచే థియోడొలైట్ అర టన్ను బరువు. లండన్ నుంచి వస్తుంటే ఓడను ఫ్రెంచివారు పట్టుకున్నారు గానీ, శాస్త్ర పరికరమని మర్యాదగా పంపించేశారు. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుని వంకర పోయింది. ఎవరినీ నిందించకుండా, గుడారంలో కూర్చుని ఆరు వారాలు తానే సరిచేసుకున్నాడు. 1811లో మన రాయలసీమలోని గుత్తి దగ్గర ఇంకో ఆధార రేఖ కొలిచాడు.

పదవీ విరమణ, పింఛను ఆయన ఎరగడు. డెబ్బై ఏళ్ళ దరిదాపుల్లో, దగ్గుతో బాధపడుతూనే హైదరాబాదు నుంచి నాగపూరుకు పోతూ, 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆయన తర్వాత వచ్చిన ఎవరెస్టు పేరు మహా శిఖరానికి పెట్టారు. లాంబ్టన్ పేరు పాఠ్యపుస్తకంలో ఉందేమోనని మనవడి పుస్తకం తిరగేస్తే కనబడలేదు.

తిరుపతి, చిత్తూరు రెండూ సర్వే ఆఫ్ ఇండియా వారి 57 ఓ పటంలో ఉంటాయి. మనవడికి దాన్ని చూపించేటప్పుడు ముందు పక్క అంచున అంకె చదవమంటాను, తర్వాతే పై అంచు.