స్క్రూ స్పానర్ వెనకున్న స్వీడన్ మనిషి

సైట్ మీద ఏ ఫిట్టర్ బ్యాగు విప్పినా స్క్రూ స్పానర్ ఒకటి కనబడుతుంది. ఏసీ డక్టు మొదలు పంపుసెట్టు దాకా అది లేనిదే మా పని నడవదు. దాని మీద ఏ దేశం పేరుందో చూసి విలువ కట్టడం మన వాళ్లకు అలవాటు. స్వీడన్ అనో, జర్మనీ అనో ఉంటే కళ్లకద్దుకుంటాం. వేరే పేరుంటే పెదవి విరుస్తాం. ఇంతకీ దేశం పేరుకు అంత విలువ ఎలా వచ్చింది? అది తెలియాలంటే యోహాన్ పెట్టర్ యోహాన్సన్ కథ తెలుసుకోవాలి. మనకు ఈ పేరు కొత్త కావచ్చు గానీ, స్వీడన్‌లో ఆయన పేరున్న మనిషి.

కూలీ నుంచి మెకానిక్ దాకా

యోహాన్సన్ 1853 డిసెంబరు 12న పశ్చిమ స్వీడన్‌లోని వోర్గోర్డాలో పుట్టారు. తండ్రి పరుల భూమిలో చిన్న చెక్క సాగు చేసుకునే పేద రైతు. ఆరుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. అప్పటి స్వీడన్ ఇప్పటిలా ధనిక దేశం కాదు. 1867, 1868 సంవత్సరాల్లో అక్కడ కరువు వచ్చింది. 1850 నుంచి 1930 లోపు దాదాపు 13 లక్షల మంది పొట్ట చేతబట్టుకుని ఆ దేశం విడిచారు. ఎక్కువమంది చేరింది అమెరికాకే. కరీంనగర్ నుంచో, కడప నుంచో గల్ఫ్ చేరిన మనకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

యోహాన్సన్ తన దేశంలోనే పని వెతుక్కున్నారు. బురద నేలల్లో తవ్వి, ఎండబెట్టి, కట్టెల బదులు కాల్చే మట్టిని తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి వాళ్ల ఊరి దగ్గర ఉండేది. అక్కడ ఆవిరి యంత్రం దగ్గర హెల్పర్‌గా మొదలయ్యారు. 19 ఏళ్లకు ఇల్లు విడిచి మట్టిపని కూలీ అయ్యారు. సైన్యంలో చేయాల్సిన కాలం పూర్తిచేసి, ఎస్కిల్‌స్టునా పట్టణంలో ముంక్‌టెల్ యంత్రాల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరారు. తర్వాత వెస్టెరోస్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేశారు. హెల్పర్, కూలీ, మెకానిక్... మన క్యాంపుల్లో చాలామంది ఎక్కుతున్న మెట్లే ఇవన్నీ.

ఎస్కిల్‌స్టునా మామూలు ఊరు కాదు. కత్తులకు, కత్తెరలకు, తాళాలకు పేరుపడ్డ చోటు. స్వీడన్ గనుల్లోని ఇనుము మేలైనదని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు వ్యాపారులు కూడా ఏరికోరి తెప్పించుకునేవారు. మంచి ఇనుము, తరాలుగా నేర్చిన చేతులు, రెండూ కలిసిన చోట యోహాన్సన్ పని నేర్చారు.

ప్రతి నట్టుకూ ఒక స్పానరా?

1886లో ఆయన ఎన్‌షోపింగ్ అనే చిన్న పట్టణంలో సొంత వర్క్‌షాపు పెట్టారు. చుట్టుపక్కల రైతుల యంత్రాలు రిపేరుకు వచ్చేవి. ఇక్కడే చిక్కు మొదలైంది. అప్పట్లో నట్ల కొలతలు ఇప్పటిలా ఒక లెక్కలో ఉండేవి కావు. ఒక్కో తయారీదారుది ఒక్కో సైజు. అరిగిపోయిన నట్టు తీసి కొత్తది వేస్తే దాని కొలత మళ్లీ వేరు. ఒక్క రిపేరుకు స్పానర్ల మోపు మోసుకెళ్లాలి. అయినా సరిపోయేది ఉంటుందన్న నమ్మకం లేదు.

ముందుగా 1888లో ఆయన పైపు రెంచి తయారుచేశారు. స్వీడిష్ రకం అని ఇవాళ దుకాణాల్లో అమ్మే రెంచికి మూలం అదే. తర్వాత స్పానర్ మీద పడ్డారు. సర్దుకునే స్పానర్లు అంతకుముందే ఇంగ్లండ్‌లో ఉన్నాయి. ఆయన కొత్తగా చేసింది దాన్ని చిన్న తలతో, గట్టిగా, వేలితో తిప్పేలా మలచడం. ఒక దవడ పిడితో కలిసి కదలకుండా ఉంటుంది. రెండో దవడ కింద పళ్లుంటాయి. ఆ పళ్లలో ఇరుక్కున్న చిన్న మరను బొటనవేలితో తిప్పితే దవడ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 1892లో దీనికి పేటెంట్ వచ్చింది. 130 ఏళ్లు దాటినా మన చేతిలో ఉన్నది ఆ రూపమే.

దేశం పేరు ముద్ర

ఆయన వర్క్‌షాపు పెట్టిన మరుసటి ఏడు, 1887లో, బ్రిటన్ ఒక చట్టం చేసింది. జర్మనీ నుంచి వచ్చే చవక కత్తులు షెఫీల్డ్ సరుకులా చెలామణి అవుతున్నాయని అక్కడి వాళ్ల గోల. అందుకే పరాయి సరుకు మీద తయారైన దేశం పేరు తెలపాలన్నారు. జనం చూసి వద్దనుకోవాలని వేయించిన ముద్ర అది. జర్మన్లు నాణ్యత పెంచుకున్నారు. కొన్నేళ్లకు ఆ ముద్రే వాళ్లకు గౌరవమైంది. ముద్రకు విలువ తెచ్చింది పనితనమే అనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

యోహాన్సన్ విషయంలోనూ అంతే. 1890లో స్టాక్‌హోమ్ వ్యాపారి బి.ఎ.యూర్ట్ ఆయన పనిముట్లను ప్రపంచమంతా అమ్మేందుకు ఒప్పుకున్నారు. యూర్ట్ అని పలికే ఆ ఇంటిపేరు రాతలో హెచ్ అక్షరంతో మొదలవుతుంది. ఆ కంపెనీ పేరు పొడి అక్షరాలు కలిపితే వచ్చిందే 'బాకో'. మన ఇళ్లలో అమ్మలు పంపు కొట్టి వెలిగించిన ప్రైమస్ స్టవ్‌ను దేశదేశాలకు అమ్మింది కూడా ఈ యూర్ట్ కంపెనీయే. స్పానర్ ఎంతగా పాకిందంటే, డెన్మార్క్‌లో, పోలండ్‌లో దాన్ని ఇప్పటికీ 'స్వీడన్ తాళంచెవి' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అక్కడి భాషల్లో స్పానర్‌కూ తాళంచెవికీ ఒకే మాట.

1916లో ఫ్యాక్టరీలో తన వాటాను యూర్ట్ కంపెనీకి అప్పగించారు. అప్పటికి ఆయనకు 60 దాటాయి. అయినా ఊరుకోలేదు. 1919లో ట్రిప్లెక్స్ పేరుతో మరో ఫ్యాక్టరీ పెట్టి, కావాల్సిన చోటికి జరుపుకునే కరెంటు దీపాలు చేశారు. జీవితంలో వందకు పైగా పేటెంట్లు సంపాదించి, 1943 ఆగస్టు 25న, 89వ ఏట కన్నుమూశారు.

మన చేతికి వచ్చేసరికి

బాకో 1999లో అమెరికా కంపెనీ స్నాప్-ఆన్ చేతికి వెళ్లింది. ఇవాళ ఆ పేరుతో వచ్చే పనిముట్లు వేరే దేశాల్లోనూ తయారవుతున్నాయి. అంతమాత్రాన అవి నకిలీవి కావు. మన దగ్గర ప్రతి మెకానిక్‌కూ తెలిసిన టపారియా 1969లో పనిముట్ల తయారీ మొదలుపెట్టింది కూడా స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతోనే. పనితనం ఓడలెక్కి వెళ్తుంది, ఒక్క మట్టికే అంటుకుని ఉండదు.

అందుకే మా కుర్రాళ్లకు మేం చెప్పేది ఒక్కటే. దేశం పేరు చూడండి, అక్కడే ఆగకండి. ఆ పేరు ఎవడైనా చెక్కుకోవచ్చు. దవడ పట్టుకుని ఊపి చూడండి, లొడలొడ కదిలితే వద్దు. రెండు దవడలు సమంగా కలుస్తున్నాయా, మర సాఫీగా తిరుగుతోందా చూడండి. మెరుపు పూతకు మోసపోవద్దు, లోపలి ఉక్కును సరిగ్గా కాచి చల్లార్చకపోతే దవడ తెరుచుకుంటుంది, నట్టు మూలలు అరిగిపోతాయి. స్కాఫోల్డింగ్ మీద నిలబడి బలంగా లాగేటప్పుడు స్పానర్ జారితే పోయేది నట్టు కాదు, మనిషి. లాగేటప్పుడు బరువు కదలని దవడ మీద పడేలా పట్టుకోండి.

ఇంటికి పంపగా మిగిలిన జీతంతో మంచి స్పానర్ కొనడం సులువు కాదని మాకూ తెలుసు. కానీ చవకది మూడుసార్లు కొనే డబ్బుతో మంచిది ఒక్కటి వస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. మట్టి తవ్విన కూలీ ఒకరు తన దేశం పేరుకే విలువ తెచ్చారు. మనం బిగించే ప్రతి నట్టూ మన పేరుకు అలాంటి ముద్రే.