దంతవైద్య విద్యకు ఆద్యులు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు గారు

పంటిపోటు ఎరుగనివారు మనలో అరుదు. పోటు వచ్చినచో లవంగము నొక్కిపెట్టుట, అప్పటికిని తగ్గనిచో ఎవరిచేతనో పన్ను పీకించుకొనుట, ఇదియే మన తాతలనాటి చికిత్స. కలకత్తాలోను మద్రాసులోను 1835లోనే వైద్య కళాశాలలు వెలసినను, పంటి వైద్యము నేర్పు కళాశాల మాత్రము 1920 వరకును మన దేశమున లేకుండెను. ఆ కొరత తీర్చిన మహనీయులు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు గారు.

వీరు 1890వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన తూర్పు బెంగాలులో ఢాకా ప్రాంతమందలి యొక గ్రామమున జన్మించిరి. అలీగఢ్‌లో చదువు ముగించి, సముద్రములు దాటి అమెరికా వెళ్లి, అయోవా విశ్వవిద్యాలయమున 1915లో దంతవైద్య పట్టమును పొందిరి. పిమ్మట బోస్టను నగరమందు పిల్లల పండ్లకు చికిత్స చేయు ఫోర్సైత్ వైద్యశాలలో కొంతకాలము పనిచేసిరి. 1919లో స్వదేశమునకు మరలి కలకత్తాలో స్థిరపడిరి.

అమెరికా పట్టముగల దంతవైద్యుడు ఆ మహానగరమున తన సంపాదన తాను చూచుకొని సుఖముగ నుండవచ్చును. వీరు అట్లు ఊరకుండక, మరుసటి యేడే, అనగా 1920లో, దంతవైద్య కళాశాలను నెలకొల్పిరి. దాని ఖర్చులకై వీరు త్రొక్కిన త్రోవ విచిత్రమైనది. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అను పేర నొక పానీయముల దుకాణము తెరచి, దాని రాబడిని కళాశాలకు వినియోగించిరి. తీపి పండ్లకు శత్రువని మన పిల్లలను మందలింతుము గదా! ఇచ్చట ఆ తీపియే దంతవిద్యను పోషించినది.

తొలి మూడేండ్లలో విద్యార్థులు 11 మంది మాత్రమే. అయినను వీరు వెనుదీయలేదు. మహమ్మదాలీ జిన్నా గారి సోదరి ఫాతిమా జిన్నా ఈ కళాశాలలోనే చదివి, 1923లో బొంబాయిలో సొంత దంతవైద్యశాల తెరచిరి. స్త్రీలు వైద్యవృత్తి నవలంబించుట అరుదైన దినములవి.

కళాశాల యొక్కటి యున్న చాలదని వీరెరుగుదురు. 1925లో దంతవైద్యులకొక సంఘమును, ఒక పత్రికను ఏర్పరచిరి. 1928లో విద్యార్థులకై పంటి చికిత్సా విధానముపై పాఠ్యగ్రంథము రచించిరి. చట్టము లేనంతకాలము ఎవరైనను గుమ్మమున బల్ల తగిలించి దంతవైద్యుడనని చెప్పుకొనవచ్చును, నష్టపడునది రోగియే. అందుచే శిక్షణ పొందినవారి పేర్లు నమోదు చేయు చట్టమునకై వీరు పాటుపడిరి. బెంగాలులో 1939లో అట్టి చట్టము వచ్చినది. 1948లో దేశమంతటికిని దంతవైద్యుల చట్టము ఏర్పడినది.

1947లో దేశవిభజన జరిగి వీరి జన్మభూమి పరదేశమైనది. వీరు కలకత్తాలోనే నిలిచిరి. దాదాపు ముప్పది యేండ్లు బిడ్డవలె పెంచిన కళాశాలను 1949లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వమునకు దానముగ నిచ్చివేసిరి. అది చిరకాలము కలకత్తా విశ్వవిద్యాలయమునకు అనుబంధముగ నుండి, నేడును వీరి పేరనే నడచుచున్నది. 1950లో డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ గారి మంత్రివర్గమున చేరి, 1962 వరకు వ్యవసాయాది శాఖలను నిర్వహించిరి. 1964లో పద్మభూషణ బిరుదము వీరిని వరించినది. 1965 ఫిబ్రవరిలో పరమపదించిరి. వీరి పుట్టినరోజును మన దేశమున దంతవైద్యుల దినముగ జరుపుచున్నారు.

మద్రాసులో 1953లోను, హైదరాబాదులో 1959లోను ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు వెలసినవి. మన పిల్లలలో ఎందరో నేడు దంతవైద్యులై యున్నారు. ఆ చదువునకు మన దేశమున తొలి పునాదిరాయి వేసినవారు వీరే.

పుట్టిన ఊరు విడిచి వచ్చి, చందాలు పోగుచేసి సంఘములు నడుపు మనకు, చిల్లర డబ్బుతో నొక సంస్థను నిలుపుట యెంత కష్టమో తెలియును. నిలిపినదానిని నాది యనక పదుగురకు అప్పగించుట అంతకంటె కష్టము. అహమ్మదు గారు ఈ రెండును చేసి చూపిరి. ఈ ఉగాదినాడు వారిని స్మరించుట మనకు శుభప్రదము.