మెదక్ దేవాలయపు రంగుటద్దముల చిత్రకారుడు

క్రిస్మస్ దినములలో మెదక్ కెథెడ్రల్‌ను దర్శించినవారు ఆల్టరు వెనుకనున్న రంగుటద్దముల గవాక్షమును మరువలేరు. ఆరోహణుడగుచున్న ప్రభువు అందు వెలుగుతో నిండి కనబడును. ఆ దేవాలయమును కట్టించిన ఛార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి పేరు మన సంఘములలో చాలామందికి తెలియును. ఆ గవాక్షమును చేసిన ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ గారి పేరు మాత్రము కొందరికే తెలియును.

వీరు 1874 డిసెంబరు 18న ఇంగ్లండులోని హార్పెండెన్ అను ఊరిలో, పదునొకండుగురు సంతానము గల సామాన్య కుటుంబములో జన్మించిరి. తండ్రి ఇనుప సామానుల అంగడి నడుపుచు గొట్టముల పని, ఇండ్లకు రంగులు వేయుపని చేయుచుండెను. ఫ్రాంక్ బలహీనమైన బాలుడగుటచే బడికి పంపక, అక్కగారే ఇంటివద్ద కొద్దిపాటి చదువు నేర్పెను. కుటుంబభారము వలన బిడ్డలందరును త్వరగా పనిలో ప్రవేశింపవలసి యుండెను. కనుక ఈ బాలుడు మొదట తండ్రి అంగడిలో సైకిళ్లు బాగుచేయుచుండెను.

పదునైదవ యేట అతడు సెయింట్ ఆల్బన్స్‌లో పెద్దన్నగారు నడుపుచుండిన రంగుటద్దముల కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేరెను. అది ఓర్పుతో కూడిన పని. ముందుగా గవాక్షమంత పరిమాణములో కాగితముపై బొమ్మ గీయుదురు. దానినిబట్టి రంగుటద్దములను ముక్కలుగా కోసి, ముఖరేఖలను, వస్త్రపు మడతలను కుంచెతో వ్రాసి, కొలిమిలో కాల్తురు. ఆపైన సీసపు పట్టీలతో ముక్కలను కూర్చి, పొత్తులకు మాటువేసి, సందులను పుట్టీతో పూడ్తురు. ఈ పనులన్నిటిలో కుంచెపనియందు ఫ్రాంక్ మిక్కిలి నేర్పరి యాయెను.

అన్నగారు తమ్ముని వరమును గుర్తించి, వారమునకు మూడు దినములు చిత్రకళాశాలకు పంపించిరి. తరువాత రాయల్ అకాడెమీ పాఠశాలలలో అతడు వెండి పతకములను, విద్యార్థివేతనములను గెలిచి, 1896లో ఇటలీకి వెళ్లెను. క్రమముగా రాజులును, దేశాధ్యక్షులును ఆయన యెదుట కూర్చుండి తమ చిత్రములు వ్రాయించుకొనిరి. 1937లో జరిగిన ఆరవ జార్జి పట్టాభిషేకమును సైతము ఆయన చిత్రించిరి. అయినను మెథడిస్టు విశ్వాసియైన ఆయన దేవుని మందిరముల కొరకు అద్దములపై పనిచేయుట మానలేదు.

మెదక్‌లో పునాదిరాయి 1914లో వేయబడెను. కరవు దినములలో ఆకలిగొన్నవారికి కూలియు, అన్నమును దొరకునట్లు ఆ కట్టడపు పని సాగెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. సాలిస్‌బరీ గారి ఆరోహణ గవాక్షము 1927లో అమర్చబడెను. అప్పుడాయన వయస్సు 52 ఏండ్లు. పడమటి రెక్కలోని యేసు జనన గవాక్షము 1947లో, అనగా దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన సంవత్సరముననే వచ్చెను. తూర్పు రెక్కలోని సిలువ గవాక్షము 1958లో వచ్చునాటికి పోస్నెట్ దొరగారు లేరు. చిత్రకారుడు 83 ఏండ్ల వృద్ధుడు. ముప్పది యొక్క సంవత్సరములకు ఆ పని ముగిసెను. బడికి నోచుకొనని బాలుడు, అక్షరము తెలియని పల్లెవాసులు సహితము చదువుకొనగల సువార్తను ఇట్లు వ్రాసియిచ్చెను. 1962 ఆగస్టు 31న ఆయన పరమపదించిరి.

ప్రియ చదువరులారా, అట్టి గవాక్షములు తమంతట తాము నిలువవు. అద్దము శతాబ్దములు మన్నును గాని, దానిని పట్టియుంచు సీసము ఇంచుమించు నూరేండ్లకే అలసిపోవును. ఎండకు సాగి, చలికి ముడుచుకొని, క్రమముగా గవాక్షము ఉబ్బును. పుట్టీ ఎండి రాలి, వానచినుకు లోపలికి దిగును. 1927 నాటి గవాక్షము ఇప్పుడు అట్టి ప్రాయమునకే వచ్చినది.

ఇట్టివాటిని బాగుచేయు నిపుణులు ముందుగా ఛాయాచిత్రములు తీసి, ప్రతి ముక్కకును గుర్తు వేసి, విప్పి, మెల్లగా శుభ్రపరచి, క్రొత్త సీసముతో కూర్చుదురు. పాత ముక్కను వీలైనంతవరకు పారవేయరు. పగిలినదానిని అతికింతురు, పోయినచోట మాత్రమే క్రొత్తది పెట్టుదురు. పండుగకు మెరపింపవలెనని ఆమ్లముతో గాని గరుకు బ్రష్షుతో గాని తోమినచో, చిత్రకారుడు వ్రాసిన ముఖరేఖలే చెరిగిపోవును. అందుచేత మంచి మనస్సుతో చేసిన అజాగ్రత్త, వడగండ్లకంటె ఎక్కువ నష్టము చేయగలదు. మన సంఘములలో ఎక్కడ పాత గవాక్షమున్నను, కానుకలలో కొంత దాని సంరక్షణకై ప్రత్యేకించి, తెలిసినవారి చేతికే అప్పగించుట మేలు.

రంగుటద్దమును వెలుపలనుండి చూచినచో నల్లగా, మసిగా కనబడును. లోపలికి వచ్చినవానికే అది తన మహిమను చూపును. అప్పుడైనను ఆ వెలుగు దానిది కాదు, సూర్యునిది. విరిగిన ముక్కను పారవేయక చేతికి తీసికొని, దాని చోటనే తిరిగి అమర్చు పనివాని ఓర్పును తలంచుకొనుడి. మన విషయమై ప్రభువు చూపు ఓర్పు అంతకంటె గొప్పది.