శ్రీ ఎస్. నిజలింగప్పగారు

శ్రీ సిద్ధవనహళ్ళి నిజలింగప్పగారు 1902 డిసెంబరు 10వ తేదీన, నాడు మద్రాసు రాజధానిలో చేరియుండిన బళ్ళారి జిల్లా హలవాగలు గ్రామమున లింగాయత కుటుంబములో జన్మించిరి. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టము పొంది, పూనాలో న్యాయశాస్త్రము చదివి, చిత్రదుర్గమున ప్లీడరు వృత్తి సాగించిరి. 1939లో తురువనూరున కల్లుగీతకు పనికివచ్చు ఈతచెట్లను నరకు సత్యాగ్రహమునకు నాయకులైరి. పిదప రాజ్యాంగసభలో సభ్యులైరి. 1952లో చిత్రదుర్గము నుండి లోక్‌సభకు ఎన్నికైరి.

1956 నవంబరు 1 మనకు ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినము. ఆ దినముననే కన్నడ సీమలు ఒకటై విశాల మైసూరు రాష్ట్రము ఏర్పడగా దానికి తొలి ముఖ్యమంత్రి ఈయనయే. మరుసటి యేట, మన రాయదుర్గమునకు పొరుగున నున్న మొళకాల్మూరు నుండి శాసనసభకు గెలిచిరి. కాని స్వపక్షమువారి అసమ్మతి వలననే 1958 మే నెలలో పదవి విడువవలసి వచ్చెను. తరువాత వచ్చిన బి.డి. జత్తిగారును లింగాయతులే. కావున ఆ కలహమును కులముతో కొలుచుట పొరపాటు.

ఇక 1962 నాటి ఎన్నికలు. 208 స్థానములలో కాంగ్రెసుకు 138 లభించినవి. పక్షము గెలిచెను గాని నిజలింగప్పగారు ఓడిరి. స్వంత జిల్లాలోని హొసదుర్గమున ప్రజా సోషలిస్టు అభ్యర్థి జి.టి. రంగప్పగారు ఆయనను ఓడించిరి. అంతటి నాయకునికి ఇంటి ముంగిటనే పరాభవము!

అప్పుడు, అంతవరకు శాసనసభాధ్యక్షులుగా నుండిన ఎస్.ఆర్. కంఠిగారిని మార్చి 14న ముఖ్యమంత్రిగా నిలిపిరి. బాగల్‌కోట సభ్యులు తమ స్థానమును ఖాళీ చేయగా, ఉప ఎన్నికలో నిజలింగప్పగారు అచట నెగ్గిరి. కంఠిగారు మూడు మాసములకు పైగా ఏలిన పీఠమును మారు మాటాడక అప్పగించి, ఆ మంత్రివర్గముననే విద్యామంత్రిగా పనిచేసిరి. జూన్ 21న నిజలింగప్పగారు మరల ప్రమాణస్వీకారము చేసిరి. ఈ ఘట్టమున నాకు గెలిచినవారికన్న పీఠమిచ్చినవారే పెద్దగా తోచుదురు. ఓడిన నాయకునికి వేరొకచోట దారి చూపుట ఓటరు తీర్పును త్రోసిపుచ్చుట కాదా యని అడుగువారును కలరు. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు.

రెండవ పర్యాయము ఆరేండ్లు నిలిచెను. శరావతి జలవిద్యుత్తు ఆ కాలముననే లభించెను. 1968 జనవరిలో హైదరాబాదున జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆయనయే అధ్యక్షులు. మే నెలలో ముఖ్యమంత్రి పదవిని వీరేంద్ర పాటిల్‌గారికి విడిచిరి. మరుసటి యేడు రాష్ట్రపతి యెన్నికలో పక్షము నిలిపిన నీలం సంజీవరెడ్డిగారు ఓడి, వి.వి. గిరిగారు గెలిచిరి. నవంబరు 12న ఇందిరాగాంధీగారిని పక్షము నుండి బహిష్కరించిరి. దేశము ఆమె వెంట నడిచెను. 1971లో నిజలింగప్పగారి పక్షమునకు లోక్‌సభలో పదునారు స్థానములే మిగిలినవి.

ఆపై ముప్పదేండ్ల కాలము ఆయనకు అధికారమన్నది లేదు. 2000 ఆగస్టులో తొంబదియేడేండ్ల వయసున చిత్రదుర్గమున కన్నుమూసిరి. సమాధి ఆ ఊరికి చేరువనే, సీబారమున నున్నది.